మా వీధి నడిమధ్యన పడ్డ గీత

మా పెద్దమ్మాయి మూడో తరగతి మొత్తం ట్రెయిలర్‌లో చదివింది. ట్రెయిలర్ అంటే స్కూలు వెనక పార్కింగ్ స్థలంలో తెచ్చి దించిన రేకుల గది. లోపల ఏసీ ఉంటుంది, బోర్డు ఉంటుంది, బాత్రూం మాత్రం ఉండదు. అందుకని తలుపు పక్కన కొక్కేనికి పసుపుపచ్చ రెయిన్‌కోటు ఒకటి వేలాడుతూ ఉండేది. వాన పడేటప్పుడు ఎవరికి అవసరమొస్తే వాళ్ళు అది తొడుక్కుని పెద్ద బిల్డింగుకి పరిగెత్తాలి. 23 మంది పిల్లలకి ఒకటే కోటు. బడి ఉన్నంతసేపూ మా అమ్మాయి నీళ్ళు తాగడం మానేసిందని నాకు నవంబరులో గానీ తెలియలేదు. సీసా ఎలా నింపి పంపానో అలాగే తిరిగొస్తోంది.

ఆ బడి కట్టింది 850 మందికి. ఆ ఏడు చదువుతున్నది 1,010 మంది. క్యాంటీన్ చాలక కిండర్‌గార్టెన్ పిల్లలకి పొద్దున పదిన్నరకే లంచ్ పెట్టేసేవాళ్ళు. కాబట్టి కొత్త బడి కడుతున్నారంటే వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. గొడవంతా అందులోకి ఎవరి పిల్లలు వెళ్ళాలన్న దగ్గరే.

మేముండేది అమెరికాలో, ఉత్తర వర్జీనియాలో. ఇక్కడ సర్కారు బడిలో సీటు కోసం ఎవరినీ అడగక్కర్లేదు, ఎక్కడ పడితే అక్కడ చేర్చడానికీ లేదు. ఇల్లు ఏ గీత లోపల ఉంటే ఆ బడి. కొత్త బడి తెరిచినప్పుడల్లా చుట్టుపక్కల బడుల గీతలన్నీ కదులుతాయి. 2024 ఆగస్టులో తెరవబోయే బడికి 2023 సెప్టెంబరులో గీతలు గీయడం మొదలుపెట్టారు. అప్పటినుంచి జనవరి దాకా నాకు వేరే ధ్యాస లేదు.

ముందు ఈ గీతలు ఎలా గీస్తారో చెప్పాలి, ఎందుకంటే నాకూ అప్పటిదాకా తెలియదు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ కౌంటీ మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టుకుంటారు. వాటిని ప్లానింగ్ జోన్లు అంటారు. ప్రతి ముక్కకీ ఒక నంబరు, అందులో ఎలిమెంటరీ పిల్లలు ఎంతమంది ఉన్నారో ఒక లెక్క. ఇంకా కట్టని ఇళ్ళకి కూడా పిల్లల్ని లెక్కేస్తారు. విడి ఇంటికి సగటున ఇంతమంది, టౌన్‌హోముకి ఇంతమంది, అపార్ట్‌మెంటుకి ఇంతమంది అని రేటు కట్టి, పర్మిషన్ వచ్చిన ఇళ్ళతో హెచ్చవేస్తారు. ఇక ఏ ముక్కని ఏ బడికి కలపాలన్నదే పని. ముక్కని చీల్చరు, కలిపితే మొత్తంగా కలపాల్సిందే.

దానికి సూత్రాలు రాసిపెట్టి ఉంటాయి. బడి నిండిపోకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. దగ్గరి పిల్లలు దగ్గరి బడికి వెళ్ళాలి. నడిచి వెళ్ళగలిగినవాళ్ళని బస్సెక్కించకూడదు. ఒకచోట కలిసి ఉన్నవాళ్ళని విడదీయకూడదు. ఒకసారి మార్చిన పిల్లల్ని వెంటనే మళ్ళీ మార్చకూడదు. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ వంక పెట్టలేం. అన్నీ ఒకేసారి జరగడం మాత్రం ఏ పటంలోనూ నేను చూడలేదు.

మా వీధి సంగతి ఇక్కడే వచ్చింది. కౌంటీవాళ్ళు చూపించిన మూడో ప్లాన్‌లో గీత మా రోడ్డు నడిమధ్య నుంచి పోయింది. పడమటి వైపు ఇళ్ళ పిల్లలు 41 మంది కొత్త బడికి, మా తూర్పు వైపు 38 మంది పాత బడిలోనే. మా ఇంటి మెట్ల మీద కూర్చుంటే ఎదురింటి గరాజ్ ముందు పిల్లలు సైకిళ్ళు తొక్కడం కనబడుతుంది. ఆ పిల్లలది ఒక బడి, మావాళ్ళది ఒక బడి. ఇదెలా జరిగిందని తవ్వితే తేలింది ఏమిటంటే, ఆ ముక్కలు కోసిన రోజుల్లో అక్కడ ఇళ్ళు లేవు. అటు పొలం, ఇటు పొలం, మధ్యలో రోడ్డు. పొలాల మధ్య రోడ్డునే హద్దుగా పెట్టుకున్నారు. తరవాత ఇద్దరు బిల్డర్లు వచ్చి రెండువైపులా ఎదురెదురుగా ఇళ్ళు కట్టారు. హద్దు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది.

వీధిని కలిపి ఉంచండి, ఎటు పంపినా అందరినీ కలిపి పంపండి అని నేను మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాశాను. అందరూ ఔనంటారనుకున్నాను. పడమటి వైపు వాళ్ళు ఔనన్నారు. మా వరసలో వాళ్ళు చాలామంది ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మా పక్కింటి అన్నయ్య ట్రాష్ డబ్బా బయటపెట్టడానికి వచ్చి, మెల్లగా అన్నారు. "చెల్లెమ్మా, ఇప్పుడు మనం సేఫ్‌గా ఉన్నాం. కలిపి పంపండి అని నువ్వడిగితే, కలిపి కొత్త బడికే పంపుతారు. ఆలోచించుకో." పాత బడికి ఇళ్ళ వెబ్‌సైట్లలో మంచి రేటింగ్ ఉంది. కొత్త దానికి ఇంకా ఏ రేటింగూ లేదు. ఆ బడి చూసుకునే చాలామంది తాహతుకి మించి అప్పుచేసి ఇక్కడ ఇల్లు కొన్నారు. మేమూ అలాగే కొన్నాం. అందుకని ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను.

ఆ రోజుల్లో మా నాన్న మాతోనే ఉన్నారు. ఒంగోలు దగ్గర పల్లెటూళ్ళో ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా చేసి అంతకు కొద్ది నెలల ముందే రిటైరయ్యారు. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. పిల్లల్ని బస్సెక్కించడం, దింపుకోవడం ఆయనే చూసుకునేవారు. మిగతా పగలంతా నడక. కాలనీలో ఏ ఇంటి కుక్క ఏ వేళకి అరుస్తుందో ఆయనకి తెలుసు. మేం ఆరేళ్ళుగా ఉంటున్నా మాకు తెలియని దారి ఆయన రెండు వారాల్లో కనుక్కున్నారు. మా వీధి చివర టౌన్‌హోముల వెనక నుంచి తారు వేసిన కాలిబాట ఒకటి వాగు వెంబడి పోతుంది. ఇక్కడ వాగుని రన్ అంటారు. అమెరికా అంతర్యుద్ధం నాటి బుల్ రన్ యుద్ధం అని చరిత్ర పుస్తకాల్లో ఉండేది కూడా ఇలాంటి వాగు ఒడ్డున జరిగిందే. ఆ బాట కొంతదూరం పోయి చెక్క వంతెన మీదుగా వాగు దాటి, అప్పటికి గోడలు లేస్తున్న కొత్త బడి ఆటస్థలం వెనక్కి తేలుతుంది. చిన్నవాణ్ణి వేలు పట్టుకుని నడిపించి, చేతి గడియారం చూసుకుని, "పద్నాలుగు నిమిషాలమ్మా" అన్నారు.

అక్టోబరులో కౌంటీవాళ్ళు మా బడి క్యాంటీన్‌లోనే మీటింగు పెట్టారు. పిల్లలు కూర్చునే పొట్టి బల్లల ముందు, టేబులుకి ఎనిమిది మంది చొప్పున కూర్చోబెట్టారు. ముందు పెద్ద పటం, పక్కన ప్రతి జోన్‌లో ఎంతమంది పిల్లలున్నారో కాగితం, రంగు పెన్నులు. మీరే గీయండి, పాతది, కొత్తది, ఇంకొకటి, ఈ మూడు బళ్ళూ నూటికి నూరు దాటకుండా చూడండి అన్నారు. నేను ముందు మా వీధి రెండు వైపులనీ పాత బడిలోనే ఉంచేశాను. పాత బడి నూరు దాటి నూట నాలుగు శాతమైంది. మా టేబుల్ మీద ఒకాయన పెన్ను మూతతో ఒక ముక్కని తట్టి, "ఇది తీసెయ్యండి, సరిపోతుంది" అన్నారు. ఆ ముక్క పాత బడికి అరమైలు దూరంలో ఉన్న అపార్ట్‌మెంట్లు. 66 మంది పిల్లలు. తీస్తే లెక్క నిజంగానే సరిపోయింది. మూడో ప్లాన్‌లో కౌంటీవాళ్ళు చేసిందీ అదే. ఆ పిల్లల్ని ఇంకా దూరంగా ఉన్న మూడో బడికి వేశారు, ఆ బడి బస్సు ఎలాగూ వాళ్ళ గేటు ముందునుంచే ఖాళీ సీట్లతో పోతుందని. మా ఎదురుగా కూర్చున్న టీచరమ్మ అప్పుడు చెప్పింది, ఆ అపార్ట్‌మెంట్ల పిల్లల్ని 2019లోనే ఒకసారి మార్చారని.

నాకు చెయ్యి ఆడలేదు. అటుగా వచ్చిన ప్లానర్‌ని అడిగాను, పోనీ మా వీధి మొత్తం కొత్త బడికి ఎందుకు పంపకూడదని. ఆ అమ్మాయి ఓపిగ్గా వివరించింది. రోడ్డు మీద లెక్కేస్తే మీ వీధి నుంచి కొత్త బడికి 1.4 మైళ్ళు, నాలుగు వరసల రోడ్డు దాటాలి, కాబట్టి అందరికీ బస్సు ఇవ్వాలి. 41 మందికి ఒక బస్సు చాలు, 79 మందికి రెండు కావాలి. డ్రైవర్లు దొరకడం లేదు. నడిచి వెళ్ళగలిగితే వేరే సంగతి అంది.

నడిచే దారి ఉందని నాకు తెలుసు. ఆ రాత్రి నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఏమవుతుందో నాకు అక్కడే అర్థమైంది. ఆ బాట హెచ్‌ఓఏ స్థలంలో ఉంది, అంటే కాలనీ సంఘం సొంతం. కౌంటీ రోడ్ల లెక్కలో అది లేదు, వాళ్ళ కంప్యూటర్‌కి కనబడదు. కనబడితే మా 79 మందికీ బస్సు అక్కర్లేదు, మేమంతా కొత్త బడికి వెళ్తాం, పాత బడిలో 38 సీట్లు ఖాళీ అవుతాయి, అపార్ట్‌మెంట్ల పిల్లల్ని కదపక్కర్లేదు. ఇంటికొచ్చి ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

తరవాత తన బడి సంగతి చెప్పారు. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపల హైస్కూలు ఉంటే ప్రైమరీ బళ్ళ నుంచి 3, 4, 5 తరగతుల్ని అందులో కలపాలి. మ్యాపింగ్ అన్నారు దాన్ని. చాలా ఊళ్ళలో తల్లిదండ్రులు ధర్నాలు చేశారు. నాన్న బడిలో 1, 2 తరగతులే మిగిలాయి. "కాగితం మీద తొమ్మిది వందల మీటర్లమ్మా. కిలోమీటరు లోపలే. నడుమ హైవే ఉంది. కాగితం మీద ఆ హైవే లేదు. ఎనిమిదేళ్ళ పిల్లలు లారీల మధ్య దాటాలి. రాసి ఇచ్చాను. ఆ కాగితం ఏమైందో నాకు తెలీదు." ఆ జీవోని 2025లో రద్దు చేశారు, కానీ మేం మాట్లాడుకుంటున్న రోజుకి అది అమల్లోనే ఉంది. "మా పటంలో ఉన్న రోడ్డు కనపళ్ళేదు. మీ పటంలో ఉన్న దారి కనపట్టంలేదు. అంతే తేడా. ఇక్కడ నిన్ను కూర్చోబెట్టి అడుగుతున్నారు తల్లీ" అన్నారు.

శనివారం నాన్నా నేనూ మళ్ళీ నడిచాం. ఈసారి ఫోన్‌లో దూరం రికార్డు చేశాను. 0.6 మైళ్ళు, మన లెక్కలో దాదాపు కిలోమీటరు. వంతెనకీ, మలుపులకీ ఫొటోలు తీశాను. లైట్లు లేని చోటు ఒకటుంది, అదీ రాశాను. పంపే ముందు గ్రూపులో చెప్పాను. దాచి పంపడం ఇష్టంలేదు. అరగంటలో నలభై మెసేజిలు. "ఆ దారి ఊసెత్తొద్దు అక్కా" అని ఒకరు, "మీ నాన్నగారు నడిస్తే నడవనీ, మా పిల్లల్ని ఎందుకు నడిపిస్తారు" అని ఒకరు. గ్రూపులోని ఒక వదిన వాళ్ళమ్మాయి, మా అమ్మాయి కిండర్‌గార్టెన్ నుంచి జంట. ఆ వదిన ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆదివారం రాత్రి కౌంటీకి పంపేశాను. మావారు ఒకటే అడిగారు, రేపు రేటింగ్ తగ్గితే బాధపడవు కదా అని. పడతానేమో, అయినా దారి దారే కదా అన్నాను.

మరుసటి వారంలోనే కౌంటీ నుంచి ఇద్దరు వచ్చి ఆ బాట వెంబడి నడిచి వెళ్ళారు. దానికి నేను వాళ్ళని మెచ్చుకోవాలి. ఆ మూడు నెలల్లో ఒకే మాట కాపీ చేసి పంపిన మెయిళ్ళు వందల్లో వెళ్ళాయి. మా కాలనీ నుంచీ వెళ్ళాయి. ఏ మెయిల్ చదివి ఎవరూ ఎక్కడికీ నడిచి రాలేదు. తమకి తెలియని సంగతి ఒక్కటి కనబడితే మాత్రం బయల్దేరి వచ్చారు.

అపార్ట్‌మెంట్లలో వాళ్ళకి ఈ విషయం తెలుసా అన్న సందేహం అప్పుడొచ్చింది. ఆ టీచరమ్మతో కలిసి ఒక శనివారం వెళ్ళాను. లాండ్రీ గదిలో బట్టలు మడతపెడుతున్న ఒకామె, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి పదేళ్ళయిందట. రాత్రుళ్ళు ఆఫీసులు తుడిచే పని. నేను ఇంగ్లీషులో చెబుతుంటే ఆమె కూతురు, ఐదో తరగతి పిల్ల, స్పానిష్‌లో చెప్పింది. కౌంటీ మెయిల్ స్పానిష్‌లోనూ వచ్చింది, కానీ దాని మీద "బౌండరీ ప్రాసెస్" అని ఉంది. అది ఇళ్ళ స్థలాల గురించి అనుకుని ఆమె తెరవలేదు. కారు లేదు. బడి అరమైలు కాబట్టి పిల్ల కడుపునొప్పి అంటే నడిచి వెళ్ళి తెచ్చుకోగలుగుతోంది. ఆ మూడో బడి నాలుగు మైళ్ళు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఆ మూడు నెలల్లో నేను వినలేదు. వారం మధ్యలో సాయంత్రం ఆరున్నరకి క్యాంటీన్‌లో పెట్టే మీటింగులో అది ఎవరికీ వినబడదు, ఎందుకంటే ఆమె పనికి బయల్దేరేది ఆ వేళకే. ఆరున్నరకి తలుపు తెరిచి పెట్టడం వేరు, వెళ్ళి అడగడం వేరు. ఆ లాండ్రీ గదిలో కౌంటీవాళ్ళే ఒక బల్ల వేసుక్కూర్చుని ఉండాల్సింది. ఇదే నేను వాళ్ళకి రాసి కూడా ఇచ్చాను.

డిసెంబరులో పబ్లిక్ హియరింగ్. వర్జీనియా చట్టం ప్రకారం 15,000 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ ఉన్న స్కూలు వ్యవస్థలో ఒక బడి పిల్లల్లో 15 శాతం మందినో అంతకంటే ఎక్కువ మందినో మార్చాలంటే ముందు పేపర్లో ప్రకటన ఇచ్చి జనం మాట వినాలి. పేరిచ్చినవాళ్ళు 112 మంది. మనిషికి మూడు నిమిషాలు. మైకు ముందు పచ్చ లైటు, చివరి అరనిమిషం పసుపు, తరవాత ఎరుపు. నాకు ముందు మాట్లాడినవాళ్ళలో సగం మంది ఇళ్ళ ధరల గురించే మాట్లాడారు. లాండ్రీ గదిలో కలిసినామె పని సెలవు పెట్టుకుని వచ్చి స్పానిష్‌లో మాట్లాడింది. కౌంటీ దుభాషీ ఇంగ్లీషులో చెప్పాడు.

అవే అపార్ట్‌మెంట్ల నుంచి ఒక నల్లజాతి పెద్దావిడ వచ్చింది, మనవడి కోసం. ఆమె పుట్టింది ఈ రాష్ట్రంలోనే, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ కలిపి కూర్చోబెట్టమని కోర్టు చెప్పినందుకు 1959లో ఆ కౌంటీ సర్కారు బళ్ళన్నీ మూసేసింది. మళ్ళీ తెరిచింది 1964లో. మూసేసినప్పుడు ఆమెకి ఏడేళ్ళు. "మళ్ళీ బడి గడప తొక్కేసరికి నాకు పన్నెండేళ్ళు. నా మనవణ్ణి ఐదేళ్ళలో రెండుసార్లు మార్చొద్దు" అంది. రెండు నిమిషాలు మిగిలుండగానే వెళ్ళి కూర్చుంది. నాన్నకి ఆ యాస సగం అర్థం కాలేదు. చెవిలో తెలుగులో చెప్పాను. ఆమె పక్కనుంచి వెళ్తుంటే ఆయన లేచి నిలబడ్డారు.

నా వంతు వచ్చేసరికి పది దాటింది. మా వీధి మధ్యలో గీత ఎందుకు పడిందో చెప్పాను. దారి సంగతి చెప్పాను. మా వీధిలో అందరూ నాతో ఏకీభవించడం లేదని కూడా చెప్పాను. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది.

జనవరిలో స్కూలు బోర్డు ఓటింగు. ఆరుగురు ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు. మా వీధి రెండు వైపులా, 79 మంది, కొత్త బడికి. అపార్ట్‌మెంట్లు పాత బడిలోనే. ఐదో తరగతికి వెళ్ళేవాళ్ళు కావాలంటే పాత బడిలోనే ఉండొచ్చు, బస్సు మాత్రం ఇవ్వరు. మా అమ్మాయి నాలుగులోకి వెళ్తోంది కాబట్టి మాకు ఆ వీలు లేదు. వదిన వాళ్ళు ఏప్రిల్‌లో ప్రైవేటు బడికి మార్చేశారు. ఆ ఏడాది బతుకమ్మకి వాళ్ళింటి నుంచి నాకు పిలుపు రాలేదు. ఆరేళ్ళుగా ఇద్దరం కలిసే పేర్చేవాళ్ళం. అది ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

2024 ఆగస్టులో కొత్త బడి తెరిచారు. ట్రెయిలర్లు లేవు. మా అమ్మాయి సీసా రోజూ ఖాళీగా వస్తోంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని, ఎదురింటి పిల్లలతో కలిసి, తాతయ్య చూపించిన బాటనే నడుస్తోంది.

సెప్టెంబరులో పెద్ద వానలు పడ్డాయి. వాగు పొంగి వంతెన మునిగింది. బడి జాబితాలో మా పిల్లలంతా నడిచేవాళ్ళు, అంటే బస్సు లేదు. ఆ పొద్దున కార్లున్నవాళ్ళం నాలుగు విడతలుగా అందరినీ చుట్టూ తిప్పి దింపాం. పక్కింటి అన్నయ్య ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుంటూ, "నువ్వే కదమ్మా దారుందని చెప్పావు" అన్నారు. ఔను, నేనే చెప్పాను. వాన పడితే వంతెన ఏమవుతుందో ఆలోచించలేదు, ఆ శరదృతువులో వాగు ఎండిపోయి ఉంది. వంతెన ఎత్తు పెంచాలంటే స్థలం సంఘానిది, వాగు హక్కు కౌంటీది. ఇద్దరూ రెండోవాళ్ళని చూపిస్తున్నారు.

ఒంగోలు నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది అదే. "నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?" మోకాలి దాకా అని ఒకసారి చెబితే కోప్పడ్డారు, ఎవరి మోకాలు అని. అప్పటినుంచి వంతెన గుంజకి అంగుళాల గీతలు పెయింటు చేసి, వాన పడ్డ ప్రతి పొద్దునా చూసి రాసి పెడుతున్నాను. నోటుబుక్కులో ఐదు కొలతలున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది చెక్కల మీద 11 అంగుళాలు. మంగళవారం సంఘం మీటింగు ఉంది, కౌంటీ ఇంజనీరు కూడా వస్తానన్నారు. అపార్ట్‌మెంట్ల టీచరమ్మా, పక్కింటి అన్నయ్యా నాతో వస్తున్నారు.